మూడో రాయి దగ్గర ఎడమకు

పర్యాటక కార్యాలయంలో విచారణ కౌంటరు దగ్గర కూర్చునే ఉద్యోగినిని అందరూ మ్యాపమ్మ అంటారు. సముద్రపు ఒడ్డున సైకిళ్ల మీద తిరగడానికి వీలైన దారుల పటాలన్నీ ఆవిడ చేత్తో గీసినవే. తొమ్మిదేళ్లుగా, వచ్చినవాళ్లకల్లా ఇది సులువైన దారి, పిల్లలూ పెద్దలూ ఎవరైనా తొక్కవచ్చు అని చెబుతూ కరపత్రం చేతిలో పెడుతోంది. ఆవిడ మాత్రం ఆ దారిలో ఒక్కసారైనా కాలు పెట్టలేదు. వండిన మనిషికి వాసనతోనే కడుపు నిండినట్టు, చెప్పి చెప్పి తనే తిరిగొచ్చినంత తృప్తిగా ఉండేది.

ఈ మధ్య మాత్రం ఒక సందేహం పురుగులా తొలుస్తోంది. దారి చివర దీపస్తంభం ఉంటుందని కరపత్రంలో రాసింది. తిరిగి వచ్చినవాళ్లెవరూ ఆ దీపస్తంభం మాటే ఎత్తరు. చివర్లో ఆ పెద్దావిడ ఎంత మంచిదో అంటారు. పైగా అందరి చేతులూ చేపల వాసన. ఏ పెద్దావిడ అని అడిగితే తను వెళ్లలేదన్న గుట్టు రట్టవుతుంది. అందుకని మ్యాపమ్మ కూడా అవునవును, చాలా మంచిది అని తలూపేది.

శరత్కాలం వచ్చి, రెల్లు తెల్లగా పూసి, ఎండ పలచబడ్డాక ఒక బుధవారం ఉదయం ఆవిడకు ఇక ఉండబట్టలేదు. మేనేజరుకు ఫోన్ చేసి మోకాలు పట్టేసిందని సెలవు అడిగింది. అడుగుతూనే ఒక చేత్తో, ఆడపడుచు దగ్గర అడిగి తెచ్చుకున్న సైకిలు టైరు నొక్కి చూసుకుంటోంది. గుమ్మంలో నిలబడ్డ మొగుడు ఆ మాటలూ విన్నాడు, ఆ సైకిలూ చూశాడు.

"ఇన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ నువ్వే దారి చెప్పావు," అన్నాడు. "ఇప్పుడు నువ్వే తప్పిపోతే నేనెవర్ని అడగాలి?"

"కరపత్రం తీసుకెళ్తున్నాలే," అంది మ్యాపమ్మ.

మొదటి రెండు మైళ్లూ అంతా కరపత్రంలో ఉన్నట్టే ఉంది. కుడిపక్కన సముద్రం, ఎడమపక్కన పసుపు తిరిగిన గడ్డి, నడుమ చదునైన బాట. చెక్క వంతెన రాసిన చోటే ఉంది. అయితే దాని మీద చక్రాలు దడదడలాడతాయనీ, ఆ చప్పుడుకి కింద నీళ్లలో నిలబడ్డ పిట్టలన్నీ ఒక్కసారి తలెత్తి చూస్తాయనీ తను రాయలేదు. గాలిలో ఎండిన నాచు వాసన వేస్తుందని కూడా రాయలేదు. మ్యాపమ్మ రెండుసార్లు ఆగి ఆ సంగతులు కరపత్రం అంచున పెన్నుతో రాసుకుంది.

మూడో మైలురాయి దగ్గర బాట రెండుగా చీలింది. ఎడమకు తిరగండి, ఎదురుగా దీపస్తంభం కనిపిస్తుంది అంటోంది కరపత్రం. ఎడమకు చూస్తే పల్లంలోకి దిగిపోతున్న సన్నటి మట్టిబాట. కుడికి చూస్తే దూరంగా, తెల్లగా, నిటారుగా దీపస్తంభం.

మ్యాపమ్మ కరపత్రాన్ని తిరగేసి వెలుతురుకు పట్టి చూసింది. సర్వే వాళ్లు పంపిన పటం అప్పట్లో రెండు ముక్కలుగా వచ్చింది. ట్రేసింగు కాగితం మీద దించుకున్న రెండో ముక్కను తను తిరగేసి అతికించి ఉంటుంది. అంటే తొమ్మిదేళ్లుగా వేలమందిని చేజేతులా పెడదారి పట్టించింది. ఈ సంగతి మేనేజరు చెవిన పడితే కౌంటరు మాట దేవుడెరుగు, కుర్చీ కూడా మిగలదు.

బుద్ధిగలవాళ్లయితే అక్కడి నుంచే వెనక్కి తిరిగేవారు. కానీ అంతమంది సంతోషంగా తిరిగొచ్చిన చోటు ఏమిటో చూడకుండా పోవడం ఆవిడ వల్ల కాలేదు. ఎడమకు తిరిగింది. ఆడపడుచు చెప్పని సంగతి ఒకటుంది. ఆ సైకిలుకు బ్రేకులు పేరుకి మాత్రమే ఉన్నాయి. పల్లం మొదలైంది, సైకిలు ఊపందుకుంది, ఒక పెంకుటిల్లు ఎదురొచ్చింది, దాని పెరట్లో గుంజలకు ఆరేసిన వలల్లోకి మ్యాపమ్మ సైకిలుతో సహా వెళ్లి చిక్కుకుంది.

డెబ్బై దాటిన ఒక పెద్దావిడ వల అల్లే చెక్కసూది పట్టుకుని తాపీగా లేచి వచ్చింది. ఇలాంటివి రోజూ చూస్తున్నట్టు ముందు హ్యాండిలూ, తర్వాత మనిషినీ విడిపించింది.

"నువ్వూ ఆ కాగితం చూసే వచ్చావా?"

మ్యాపమ్మ అవునంది.

"అది రాసిన మనిషి ఒక్కసారి నా చేతికి చిక్కాలి," అంది పెద్దావిడ, సూదిని వలలోకి కసుక్కున దింపుతూ.

మ్యాపమ్మ కరపత్రాన్ని మడిచి గుప్పిట్లో దాచుకుంది. ఏం పని చేస్తుంటావని పెద్దావిడ అడిగితే తడబాటులో దర్జీనని చెప్పింది. పెద్దావిడ ముఖం వెలిగిపోయింది. దర్జీ చేతులు దొరకడం అదృష్టమంటూ, ఉన్నవాటిలోకెల్లా పెద్ద చిరుగు వెతికి తెచ్చి ఒళ్లో పడేసింది. మ్యాపమ్మ సగంలో వదిలేసిన గుండీ తప్ప జన్మలో ఏదీ కుట్టి ఎరగదు. అరగంట తంటాలు పడేసరికి చిరుగు రెండింతలైంది.

అంతలో పల్లం మీద నుంచి సైకిలు గంటలు వినిపించాయి. ముందు మేనేజరు, వెనక నలుగురు ఆడవాళ్లు. ఆ ఉదయం ఆఫీసుకు నలుగురు తోడికోడళ్లు వచ్చి, చివర్లో పెద్దావిడ ఉంటుందట కదా, ఏ వేళకు వెళితే మంచిదని అడిగారట. కౌంటరు ఖాళీ. తెలియదంటే పరువు తక్కువని, మేనేజరు తనే తీసుకెళ్తానని బయలుదేరాడు. పెద్దకోడలు, రెండో కోడలు, మూడో కోడలు, చిన్నకోడలు వరస తప్పకుండా వస్తున్నారు. మ్యాపమ్మ అటూ ఇటూ చూసి, మూలన గుట్టగా పడి ఉన్న వలల కిందికి దూరిపోయింది.

మేనేజరు దిగి చుట్టూ చూశాడు. దీపస్తంభం లేదు. వలలున్నాయి. తోడికోడళ్లు తనకేసి చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకుని, దీపస్తంభాలు ఎక్కడైనా ఉంటాయనీ, మనుషుల పని దగ్గరగా చూపించడమే తమ ప్రత్యేక ఏర్పాటనీ చెప్పాడు. మూడో కోడలు అది నోటుబుక్కులో రాసుకుంది.

"అయితే ఆ కాగితం మీదేనా బాబూ?" అంది పెద్దావిడ.

"మాదేనమ్మా. అంగుళం అంగుళం నేను తిరిగి చూశాకే అచ్చు వేయించాను."

"అంటే తొమ్మిదేళ్లుగా మా పెరట్లోకి జనాన్ని తోలుతున్నది నువ్వేనన్నమాట."

ఆ గొంతులో మెప్పు లేదని మేనేజరుకు అప్పటికి అర్థమైంది. రాసింది తను కాదనీ, తమ ఆఫీసులో ఒకావిడనీ, ఆవిడ ఇవాళ మోకాలి నొప్పితో ఇంట్లో పడుకుందనీ గబగబా అప్పజెప్పాడు. సరిగ్గా అప్పుడే వలల గుట్ట తుమ్మింది.

"అక్కా, అందులో ఎవరో ఉన్నారు," అంది చిన్నకోడలు.

తల మీద వలతో మ్యాపమ్మ పైకి లేచింది.

"మోకాలు?" అన్నాడు మేనేజరు.

"తగ్గింది సార్."

ఇక దాచి లాభం లేదు. తిరగబడ్డ ట్రేసింగు కాగితం దగ్గర్నుంచి తొమ్మిదేళ్లుగా చూడకుండానే చెప్పడం దాకా అంతా పూసగుచ్చినట్టు ఒప్పుకుంది. తను దర్జీని కూడా కాదంది. ఆ సంగతి మొదటి ముడి చూసినప్పుడే తెలిసిందని పెద్దావిడ చెప్పింది.

"రేపే సరిచేస్తాను. కుడికి తిరగమని రాస్తాను," అంది మ్యాపమ్మ తల వంచుకుని. "ఇంకెవరూ మీ పెరట్లోకి రారు."

పెద్దావిడ చేతిలో సూది ఆగిపోయింది.

"కుడికి రాశావంటే ఈ నలభై పడవల వలలూ రోజూ వచ్చి నువ్వే బాగుచేయాలి. నాకు చూపు ఆనడం లేదు తల్లీ."

మొదటి ఏడాది వచ్చినవాళ్లని చీపురుతో తరిమిందట. రెండో ఏడాది ఆయాసంతో కూలబడిన ఒక బడిపంతులు ఊరికే కూర్చోలేక నాలుగు ముడులేసి వెళ్లాడు. ఆయన చెప్పగా మరో నలుగురొచ్చారు. అప్పట్నుంచి ఆ పెరట్లో వల చిరగడం ఆలస్యం, బాగుచేసే చేతులు సైకిళ్లెక్కి వచ్చేస్తున్నాయి.

"మరి చేతికి చిక్కాలన్నారుగా?" అంది మ్యాపమ్మ, ఇంకా నమ్మకం కుదరక.

"అవునమ్మా. సగం మంది కళ్లజోడు మరిచిపోయి వస్తున్నారు. తెచ్చుకోమని ఆ కాగితంలో రాయించాలని నా తాపత్రయం. ఈ రెండు నెలలూ పని ఎక్కువ, ఇంకొంచెం ఎక్కువ మందిని తోలు."

మ్యాపమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేనేజరుకు మాత్రం పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఇది మొదట్నుంచీ ప్రత్యేక ఏర్పాటేనని తను అననే అన్నానన్నాడు. కరపత్రం ఎలా మార్చాలో అక్కడే తేల్చారు. కుడికి తిరిగితే దీపస్తంభం, ఎడమకు తిరిగితే వలల ఇల్లు, ఎడమకు వెళ్లేవారు కళ్లజోడు, బ్రేకులు తప్పనిసరిగా చూసుకోవాలి. బ్రేకుల మాట మ్యాపమ్మ చేర్చింది.

అప్పటికే తోడికోడళ్లు వల చుట్టూ చేరి, ముడి ఎంత బిగించాలన్నదాని మీద ఇద్దరు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు అయిపోయారు. మ్యాపమ్మ పెద్దావిడ పక్కన కూర్చుని, చెడగొట్టిన చిరుగును మొదట్నుంచి నేర్చుకుంటూ అల్లింది. అంగుళం అంగుళం తెలుసన్న పాపానికి మేనేజరు కూడా కూర్చోక తప్పలేదు. పని పట్టుబడ్డాక ఆయనే అందరికంటే ఉషారుగా నలభై ముడులు వేసి, ఇది పుట్టుకతో రావాలని తోడికోడళ్లకు చెప్పి మరీ సైకిలెక్కాడు.

వాళ్లు పల్లం ఎక్కి కనుమరుగయ్యాక పెద్దావిడ కత్తెర తెచ్చుకుని, ఆ నలభై ముడులూ కోసేసింది.