అరబా పెద్దమ్మకు కోడి పులుసు

ఆ రోజు ఉదయం ఎబో వేసుకున్న పథకం చాలా చిన్నది. అరబా పెద్దమ్మ చేత ఒక కప్పు కోడి పులుసు తాగించాలి, పదింటికల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళి బరువు తూయించాలి. అందుకోసమే తపాలా ఆఫీసుకు సెలవు పెట్టాడు. బడిలో పాఠాలు చెప్పే అతని భార్య ఎసీ గుమ్మం దాటినదల్లా మళ్ళీ వెనక్కి వచ్చి, కారం మాత్రం వెయ్యవద్దని ఇంకోసారి చెప్పి వెళ్ళింది.

అరబా తమ ఊరు కేప్ కోస్ట్ సంతలో పొగబెట్టిన చేపలు అమ్మి ఇల్లు కట్టిన మనిషి. ఆమె బేరమాడితే పక్క వీధివాళ్ళు కూడా ధర తెలుసుకునేవారు. అలాంటిది, తడిసిన చర్చి మెట్ల మీద జారి దవడ విరగ్గొట్టుకుంది. డాక్టరు పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి తీగలతో బిగించాడు. ఆమె గొణిగేది ఎవరికీ అర్థం కావడం లేదు. కుడిచేతికి సిమెంటు కట్టు పడింది కనుక రాసి చూపించే దారీ లేదు. స్ట్రాలోంచి దిగేదే ఆమెకు తిండి. అది కూడా ఆమె సరిగా దిగనివ్వడం లేదు. ఒక గుక్క పీల్చి, ఎడమచేత్తో నోటి ముందు విసురుకుని, కప్పు పక్కకు నెట్టేసేది. పాపం, మండుతోంది కాబోలనుకుని ఎసీ మొదట కారం తగ్గించింది, తర్వాత అల్లం, ఆపైన ఉల్లిపాయ మానేసింది. చివరికి మిగిలింది కోడిని ముంచి తీసిన వేడినీళ్ళు. పెద్దమ్మ బుగ్గలు లోపలికి పోయాయి. ఈసారి కూడా బరువు తగ్గితే ముక్కులోంచి గొట్టం వేస్తానని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఆమె ముక్కును అరచేత్తో కప్పుకుని నిద్రపోతోంది.

ఎబో కోడిని మెత్తగా ఉడికించి, కందముక్కలూ వేరుశనగ ముద్దా కలిపి మిక్సీలో వేశాడు. మీట నొక్కగానే కరెంటు పోయింది. కాసేపు ఇల్లంతా తిరిగాడు, గడియారం చూశాడు, మళ్ళీ మీట నొక్కాడు. ఇక లాభం లేదని గిన్నె పట్టుకుని వీధి చివర డీజిలుతో నడిచే రుబ్బుడు మర దగ్గరికి పరుగెత్తాడు. మిరపపళ్ళ బేసిన్లతో నిలబడ్డ ఆడవాళ్ళను బతిమాలి ముందుకు వెళ్ళాడు.

మర నడిపే అజువా గిన్నెలోకి తొంగిచూసింది. "అన్నా, కోడిని మర పట్టించుకునే మొగాణ్ణి నిన్నే చూస్తున్నా," అంటూ చెంబుడు నీళ్ళతో మర కడిగాననిపించి అందులో పోసేసింది. పులుసు ఎర్రగా బయటికి వచ్చింది. వేరుశనగ రంగేమోననుకుని ఎబో ఇంటిదారి పట్టాడు.

పెద్దమ్మ ఒక గుక్క పీల్చింది. కళ్ళు పెద్దవయ్యాయి. నీళ్ళు కారాయి, ముక్కు కూడా కారింది. ఎబోకు అనుమానం వచ్చి గిన్నెలో వేలు ముంచి నాకాడు. నాలుక భగ్గుమంది. కప్పు లాక్కోబోతే ఆమె వదల్లేదు. గొంతుకు అడ్డం పడిందేమో, అందుకే కప్పు మీద పట్టు బిగిసిందేమో అనుకున్నాడు. ఊపిరాడకపోతే తీగలు కత్తిరించమని డాక్టరు ఇచ్చిన కటింగ్ ప్లేయరు గోడ మేకుకు వేలాడుతోంది. అది తీసి ఆమెవైపు తిరిగాడు.

అరబా దాన్ని చూసి, కప్పుతో సహా వీధిలోకి పరుగు తీసింది.

వెనుక కటింగ్ ప్లేయరుతో ఎబో. చూసినవాళ్ళు ఏమనుకోవాలో అదే అనుకున్నారు. చర్చి పెద్ద క్వాన్సా అతన్ని నడుం దగ్గర వాటేసుకుని కూలేశాడు. ఇంకొకరు అతని కాళ్ళ మీద కూర్చున్నారు. ఎవరో బడికి ఫోను చేసి, మీ ఆయన ముసలావిడ పళ్ళు పీకుతున్నాడని చెప్పారు. ఎసీ చేతిలో సుద్దముక్కతోనే పరుగెత్తుకొచ్చింది.

"నన్ను తర్వాత తిట్టు, ముందు పెద్దమ్మని చూడు. ఊపిరాడట్లేదు," అన్నాడు ఎబో, నేలమీది నుంచే.

అందరూ చూశారు. అరబా వీధిలోని లాటరీ టిక్కెట్ల బడ్డీ వెనుక నిలబడి, కన్నీళ్ళు కారుతుండగా, కప్పు అడుగు దాకా చప్పుడొచ్చేలా జుర్రుతోంది. అయిపోయాక కప్పు ఎసీ ముందుకు చాచి, పళ్ళ సందుల్లోంచి, అందరికీ అర్థమయ్యేలా, నెమ్మదిగా అంది. "ఇంకా పొయ్యి."

ఎసీ సుద్దముక్క పారేసింది. "పెద్దమ్మా, ఇన్నాళ్ళూ నువ్వు నోరు విసురుకున్నది... కారం కావాలనా?"

అరబా కళ్ళు మూసుకుని తల ఊపింది. తీగలు లేకపోతే ఇంకా చాలా అనేదని ఆమె ముఖం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఎసీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బట్టలు దులుపుకుంటున్న ఎబోను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళి, గిన్నెలోంచి కప్పులోకి మళ్ళీ పులుసు పోసింది.

గిన్నె ఖాళీ అయ్యాకే ఆసుపత్రికి వెళ్ళారు. బరువు తగ్గలేదు. డాక్టరు గొట్టం మాట వచ్చేవారానికి వాయిదా వేశాడు. ఆ వారం తూకం ముల్లు పైకి కదలడంతో ఆ మాటే మానేశాడు. కరెంటు ఉన్నా సరే, మర పట్టించిన పులుసు తప్ప అరబా ఇంకోటి ముట్టలేదు. ఎబో రోజూ ఆఫీసుకు వెళ్ళేముందు గిన్నెతో వరసలో నిలబడ్డాడు.

నెల తిరిగేసరికి, ఈమధ్య తమ మిరపకారం ఎందుకో మాంసం వాసన కొడుతోందని వీధిలో సగంమంది అజువాతో తగువు పెట్టుకున్నారు. మిగతా సగంమంది ఆ రుచి కోసమే తమ మిరపపళ్ళు ఆమె దగ్గర మర పట్టించుకోవడం మొదలుపెట్టారు.