గెతిన్ గుండె పెరిగిన వైనం

మా వేల్సు లోయలో మహా ఆరోగ్యవంతుడిగా పేరున్న గెతిన్‌కు గుండె పెరిగిందని పెద్దాసుపత్రివారు ధ్రువీకరించారు. సంగతి తెలిసిన సాయంత్రమే, ఒకప్పుడు చర్చిగా ఉండి ఇప్పుడు జిమ్ముగా పురోగమించిన భవనంలో అభినందన సభ జరిగింది.

డాక్టరమ్మ చెప్పింది నిజానికి ఇంకాస్త ఉంది. ఏళ్ళ తరబడి పిరుదుల్లో పొడుచుకున్న స్టెరాయిడ్ల వల్ల గుండె గోడలు దళసరెక్కాయనీ, కాలేయం దెబ్బతిందనీ, ఇప్పుడే ఆపకపోతే ఎత్తిన బరువు దించకుండానే పోతాడనీ చెప్పింది. జిమ్ము యజమాని మెర్విన్‌కు మొదటి ముక్క చాలింది.

"సోదరులారా, గుండె కూడా కండే. పై కండలు ఎవడైనా పెంచుతాడు. లోపలిది పెంచింది మనవాడొక్కడే," అని ఆయన, పూర్వం పాదిరిగారు నిలబడే ఎత్తు మీంచి ప్రకటించాడు. ఈ సర్వతోముఖాభివృద్ధిలో వృషణాలు పాల్గొనక ఎండుద్రాక్షల్లా ముడుచుకున్న విషయం, రొమ్ములు పిలవకుండానే ముందుకొచ్చిన విషయం సభ దృష్టికి రాలేదు.

గెతిన్ చప్పట్లు విని ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. గుమ్మంలో పక్కకు తిరిగితే గాని పట్టని ఆ మనిషికి అద్దంలో ఎప్పుడూ కనిపించేది ఒక్కడే: చిన్నప్పుడు బడి ఆటల గదిలో చొక్కా విప్పమంటే ఏడ్చిన బక్క పిల్లవాడు. ఇన్నేళ్ళ సూదులూ వాడి కోసమే. వాడికి ఇంకా చాలలేదు.

వెనక నుంచి భార్య నెరిస్ అంది: "నువ్వు కొండంత ఉండక్కర్లేదయ్యా. ఉంటే చాలు."

సూదులు ఆపేశాడు. కొన్నాళ్ళు దిగులుతో మంచం దిగలేదు. తర్వాత గుండె నెమ్మదించింది, వీపు మీది మొటిమలు మానాయి. డాక్టరమ్మ సంతోషించింది. చొక్కాలు వేలాడాయి.

దాంతో లోయ కలవరపడింది. రొట్టెల కొట్లో ఆడవాళ్ళు అతన్ని చూసి గొంతు తగ్గించారు. పబ్బులో అతని చేత డబ్బు తియ్యనివ్వలేదు. మిగిలున్న ఒక్క చర్చిలోనూ అతని పేరిట ప్రార్థన చేశారు. పక్కింటి ఆల్వెన్ పిన్ని గిన్నెడు మాంసం చారు తెచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆ మాయదారి జబ్బు ఎక్కడొచ్చింది నాయనా? నాతో చెప్పు, ఎవరితోనూ అననులే."

ఏమీ రాలేదనీ, ఉన్నదే తగ్గుతోందనీ అతను చెప్పిన కొద్దీ ఆమెకు కన్నీళ్ళాగలేదు. పాపం, ఇంట్లోవాళ్ళు అతని దగ్గర దాస్తున్నారని నిర్ధారించుకుని వెళ్ళింది.

అద్దంలోని పిల్లవాడు ఇప్పుడు వీధిలో అందరికీ కనిపిస్తున్నాడు. గెతిన్ ఒక చలికాలం ఓర్చుకున్నాడు. ఆపైన మెర్విన్ దగ్గరికి వెళ్ళి, ప్యాంటు కిందికి జరిపి వెనక్కి తిరిగాడు.

ఎండలు వచ్చేసరికి భుజాలు నిండాయి. ఆల్వెన్ పిన్ని నడివీధిలో ఆపి ఎగాదిగా చూసింది. "దేవుడు చల్లగా చూశాడు నాయనా. ఇప్పుడు మనిషిలా ఉన్నావు," అంది. వీధి ఊపిరి పీల్చుకుంది.

నెరిస్ ఒక్కతే చిక్కిపోతోంది. మొగుడు కోలుకోవడం చూసి ఓర్వలేకపోతోందని వీధివారి అభిప్రాయం.