టక్కుమనని కెమెరా

ఆ రోజు పొద్దున కంగారయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి వెళ్ళాలి, పదవీ విరమణ చేస్తున్న పెద్ద మేడంని మధ్యలో కూర్చోబెట్టి టీచర్లందరితో ఒక గ్రూప్ ఫోటో తియ్యాలి, స్టూడియోకి వచ్చి ప్రింటు వేసి, ఆవిడ రైలెక్కేలోగా చేతిలో పెట్టాలి. అంతే. ఇందులో కంగారు పడడానికి ఏముందని మీరు అడగవచ్చు. ఆయనకి కంగారు పడడానికి కారణంతో పనిలేదు. స్టూడియో బోర్డు మీద అసలు పేరు ఇంతేసి అక్షరాలతో ఉంది గానీ, దాన్ని చదివిన పాపాన పోయినవాడు లేడు. అందరికీ ఆయన కంగారయ్యే.

అయితే ఈసారి కారణం కూడా ఉంది. ఆయన భార్య ఆ బడిలోనే లెక్కల టీచరు. పోయినేడాది ఆయన తీసిన గ్రూప్ ఫోటోలో సగం మంది కళ్ళు మూసుకుని పడ్డారు. సైన్సు టీచరైతే నిలబడే నిద్రపోతున్నట్టుంది. స్టాఫ్ రూమ్ గోడకి ఆ ఫోటో తగిలించిన దగ్గర్నుంచీ లెక్కల టీచరు దాని వైపు వీపు పెట్టి కూర్చునేది. ఈసారి కూడలిలో కొత్తగా తెరిచిన స్టూడియో వాళ్ళని పిలుద్దామని డ్రిల్లు మాస్టారు మీటింగులో అనగానే, ఆవిడకి రోషం వచ్చింది. "ఈ ఒక్కసారికి మా ఆయన్నే పిలవండి మేడం, నా మాట మీద" అనేసింది. అన్నాక నాలిక్కరుచుకుంది గానీ, అప్పటికే పెద్ద మేడం తలూపేసింది.

"నా మాట మీద అన్నాను, గుర్తుందా?" అంది పొద్దున్నే, జడ అల్లుకుంటూ.

"గుర్తుందే తల్లీ. రాత్రి నుంచీ అదే గుర్తుంది."

"ఇంకోసారి పరువు పోతే ఆ బళ్ళో నేను తలెత్తుకోలేను. ఆ పాత డబ్బా ఇంట్లో పారేసి, తమ్ముడిది పట్టుకెళ్ళండి."

పాత డబ్బా అంటే కంగారయ్య డీఎస్ఎల్ఆర్ కెమెరా. పట్టు దగ్గర రబ్బరు అరిగి నున్నబడింది. మోసీ మోసీ ఆయన ఎడమ భుజం కుడి భుజం కంటే కాస్త కిందికి దిగింది కూడా. ఆవిడ తమ్ముడిదేమో సరికొత్త మిర్రర్‌లెస్. అతను పొరుగూరిలో వీడియోలు తీస్తుంటాడు. అక్క మాట కాదనలేక ఒక్క రోజుకని కెమెరా ఇచ్చి, బస్సుకి టైమవుతుంటే నిలబడే పాఠం చెప్పాడు.

"చూడు బావా, నీ దాంట్లో లోపల అద్దం ఉంటుంది. నొక్కినప్పుడల్లా అది ఎగిరి పడుతుంది. ఆ టక్కు అదే. దీంట్లో అద్దమే లేదు. బరువు సగం. ఎవరి కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది. చప్పుడన్నది రాదు."

"చప్పుడు రాకపోతే ఫోటో పడిందని ఎలా తెలుస్తుందిరా?"

"పడుతుంది బావా."

"పడుతుందిలే, తెలిసేదెట్లా అని."

"నమ్మాలి బావా."

కంగారయ్య కన్ను పెట్టి చూశాడు. పాతదాంట్లో చూస్తే ఎదుటి మనిషి కనపడేది. ఇందులో ఎదుటి మనిషి తాలూకు టీవీ కనపడింది. చుట్టూ అంకెలూ, గీతలూ, గడులూ. "ఇవన్నీ ఏమిట్రా?" అంటే, "అవేం పట్టించుకోకు, నువ్వు నొక్కు, అంతే" అని బావమరిది పరుగెత్తి బస్సెక్కేశాడు.

ఇక్కడ "తయారయ్యారా?" అని లోపల్నుంచి ఒక కేక, "టైమవుతోంది" అని ఇంకో కేక. కంగారయ్య బ్యాటరీలు చూసుకుని, ఖాళీ కార్డు తీసి కెమెరాలో తోసి, సంచీ సర్దుకున్నాడు. పాత కెమెరాని ఇంట్లో వదలడానికి చెయ్యి రాలేదు. భార్య చూడకుండా దాన్ని కూడా అడుగున పెట్టి, పైన తుడిచే గుడ్డ కప్పాడు.

బడి ఆవరణలో కుర్చీలు వేసి ఉన్నాయి. వాటిని అటూ ఇటూ జరుపుతూ విజిలు ఊదుతున్నాడు డ్రిల్లు మాస్టారు. ఆయన తాడిచెట్టంత మనిషి. పెద్ద మేడం పొట్టి మనిషి, కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు. ఏ ఏడు గ్రూప్ ఫోటో తీసినా ఆయన సరిగ్గా ఆవిడ కుర్చీ వెనకాలే నిలబడతాడు. చూసినవాళ్ళు ముందు ఆయన్నే చూస్తారు. "మీరు చివర్న నిలబడండి మాస్టారూ" అని ఆవిడ ఏటా అంటుంది. "బ్యాలెన్సు పోతుంది మేడం" అని ఆయన ఏటా అక్కడే నిలబడతాడు. ఈ ఏడూ అంతే జరిగింది.

కంగారయ్య స్టాండు మీద కొత్త కెమెరా బిగించాడు. ముందు వరసలో కూర్చున్న భార్య కళ్ళతోనే "జాగ్రత్త" అంది.

"రెడీ... అందరూ ఇటు చూడండి... నవ్వండి..." అని నొక్కాడు.

ఏమీ వినపడలేదు. అందరూ నవ్వు మొహాలతో అలాగే ఉన్నారు. ఇంకా తమాషా ఏమిటంటే, టక్కు కోసం కంగారయ్య కూడా ఎదురుచూస్తున్నాడు. అలా ఎంతసేపు గడిచిందో గానీ, చివరికి పెద్ద మేడం పెదవులు కదపకుండా, "తియ్యండి నాయనా, దవడలు పట్టేస్తున్నాయి" అంది.

"తీశానండీ."

"ఎప్పుడూ?"

"ఇందాకేనండీ. ఇది కొత్త కెమెరా. చప్పుడుండదు."

"చప్పుడు లేకుండా తీస్తే మాకు తెలిసేదెట్లాగయ్యా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు పైనుంచి. "విజిలు వెయ్యకుండా పరుగు పందెం పెడతామా?"

అందరూ నవ్వారు. సైన్సు టీచరు మాత్రం నవ్వలేదు. ఆవిడకి పోయినేటి భయం ఇంకా తీరలేదు. "ఎప్పుడు తీస్తారో తెలియకపోతే రెప్ప ఎప్పుడు వెయ్యాలండీ?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. టక్కుమన్నాక రెప్ప వెయ్యడానికి అలవాటు పడ్డ కళ్ళవి. ఇంకోసారి తీస్తే తెర మీద బొమ్మ ఒక్క క్షణం కనపడి పోయింది. ఆ క్షణంలోనే కంగారయ్య చూశాడు, ముగ్గురికి కళ్ళు మూతలు పడ్డాయి, ఒకాయన ఆవులిస్తున్నాడు.

చప్పుడు ఎక్కడో ఒకచోట ఉండకపోతుందా అని మెనూ తెరిచాడు. అది తెరిస్తే ఇంకోటి తెరుచుకుంది, అందులోంచి మరోటి. తిరిగి బయటికి రావడమే గగనమైపోయింది. బావమరిదికి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. తెర మూలన ఎర్రగా ఏదో మెరుస్తోంది. అవేం పట్టించుకోకన్నాడు కదా అని పట్టించుకోలేదు. గేటు బయట కారు హారన్ మోగింది. పెద్ద మేడంని స్టేషన్‌కి తీసుకెళ్ళే కారు.

"కెమెరా పాడైనట్టుంది మేడం. కూడలి వాళ్ళకి కబురు పెట్టనా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

లెక్కల టీచరు మొహం పాలిపోయింది. అది చూడగానే కంగారయ్యకి ఒక ఉపాయం తట్టింది. సంచీలోంచి పాత కెమెరా తీసి మెడలో వేసుకున్నాడు. అది పొట్ట మీద వేలాడింది. మూత తియ్యకుండా నొక్కి చూశాడు, ఫోకస్ దొరక్క అది మొరాయించింది. మూత తీశాడు. కుడి చేత్తో పాతదాని మీటా, ఎడమ చేత్తో స్టాండు మీది కొత్తదాని మీటా పట్టుకున్నాడు.

"రెండు కెమెరాలెందుకయ్యా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"ఒకటి ఫోటోకండీ, ఇంకోటి ధైర్యానికి" అన్నాడు కంగారయ్య. నిజమే చెప్పాడు గానీ, అది హాస్యమనుకున్నారు.

"రెడీ..."

టక్!

"అదీ! హమ్మయ్య" అంది పెద్ద మేడం, దవడలు సడలించి. అందరికీ ప్రాణం లేచొచ్చింది. భుజాలు దిగాయి, నవ్వులు నిజం నవ్వులయ్యాయి. "ఇంకోటి..." టక్! "ఆఖరిది..." టక్! తెర మీద ఒక్కో బొమ్మా కనపడి పోతోంటే కంగారయ్యకి కడుపు నిండినంత ఆనందమైంది. అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి.

"ప్రింటు చేతిలో పడ్డాకే కారెక్కుతాను, త్వరగా తెండి" అంది పెద్ద మేడం.

స్టూడియోకి ఒక్క పరుగున వచ్చాడు. కంప్యూటరు ఆన్ చేసి, కొత్త కెమెరా తలుపు తెరిచి, కార్డు కోసం గోరు పెట్టాడు. గోటికి ఏమీ తగల్లేదు. వంగి చూశాడు. ఖాళీ. కెమెరాని బోర్లించి దులిపాడు, ఎందుకు దులిపాడో ఆయనకే తెలియదు. పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో బావమరిదే ఫోన్ చేశాడు.

"బాగా వచ్చాయా బావా?"

"ఒరేయ్, కార్డు లేకుండా కూడా ఇది తీస్తుందా?"

"తీస్తుంది బావా. దాచుకోదు, అంతే. మూలన ఎర్రగా మెరుస్తుంది చూడు."

"మెరిసిందిరా!"

"అదే, కార్డు లేదని చెప్తోంది."

"అవేం పట్టించుకోకన్నావు కదరా!"

"అది కాక మిగతావి బావా."

ఆ ఫోన్‌ని గోడకేసి కొట్టేవాడే, గుమ్మంలో భార్య కనపడబట్టి ఆగాడు. ఆయాసపడుతూ వచ్చింది. "అయిందా? మేడం గేటు దగ్గరే నిలబడ్డారు. అందరూ ఆవిడ చుట్టూ నిలబడ్డారు. రైలు తప్పిపోతుందని డ్రిల్లు మాస్టారు ఒకటే గోల."

"లేదే. ఒక్కటి కూడా లేదు. కార్డు లేకుండా తీశాను."

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది. ఆవిడ వచ్చి, పాస్‌పోర్ట్ ఫోటోలకి మనుషులు కూర్చునే స్టూలు మీద కూలబడింది. "నా మాట మీద అన్నానండీ" అంది మెల్లగా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంగారయ్యకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తన గురించి ఒకరి ముందు గొప్పగా చెప్పింది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా నిలబెట్టలేకపోయాడు.

ముక్కు తుడుచుకుని ఆవిడ ఉన్నట్టుండి తలెత్తింది. "అయినా కార్డు పెట్టారు కదా. పొద్దున నేను చూశాను."

"పెట్టాను. ఒట్టు, పెట్టాను."

"దేంట్లో పెట్టారు?"

ఇద్దరూ ఒకేసారి పాత కెమెరా వైపు చూశారు. మనిషి ఆలోచన కొత్తదాని మీద ఉన్నా, చెయ్యి తనకి తెలిసిన చోటికే పోయింది. తలుపు తెరిస్తే కార్డు బుద్ధిగా అక్కడే కూర్చుని ఉంది.

కంప్యూటర్లో పెట్టి చూశారు. మొదటి ఫోటోలో కుర్చీ కాళ్ళూ, చెప్పులూ, మోకాళ్ళూ ఉన్నాయి. ఆఖరిదాంట్లో నేలా, ఎవరిదో నీడా ఉన్నాయి. అప్పుడు మధ్యది తెరిచారు. పెద్ద మేడం నడిమధ్యన, కళ్ళద్దాల వెనక కళ్ళు మెరుస్తూ, హాయిగా నవ్వుతోంది. అటూ ఇటూ టీచర్లందరూ కళ్ళు తెరుచుకునే ఉన్నారు. సైన్సు టీచరు కూడా మెలకువగానే ఉంది. కాకపోతే పొట్ట మీద వేలాడే కెమెరా బరువుకి ముందుకి వాలింది కాబోలు, పైభాగం కోసుకుపోయింది. వెనక వరస వాళ్ళకి జుట్టు మాత్రం పోయింది. డ్రిల్లు మాస్టారు చొక్కా కాలరు దగ్గరే ఆగిపోయాడు.

"తల లేకుండా ఎలా ఇస్తామే?"

"మేడం తల ఉందిగా. వెయ్యండి ప్రింటు. ఏదీ ఇవ్వకపోవడం కంటే ఇది నయం."

తడి ఆరీ ఆరని ప్రింటు పట్టుకుని ఇద్దరూ పరుగెత్తారు. గేటు దగ్గర డ్రిల్లు మాస్టారు ఎదురొచ్చి, "ముందు నేను చూస్తాను, ఇటివ్వండి" అని చెయ్యి చాచాడు. లెక్కల టీచరు ఆయన చంక కిందుగా దూరి, తిన్నగా పెద్ద మేడం చేతిలో పెట్టేసింది.

పెద్ద మేడం కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. చూస్తూనే ఉంది. "మేడం, తప్పంతా నాదేనండీ, ఆవిడకేం తెలియదు" అని కంగారయ్య మొదలుపెట్టేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నా వెనక ఉన్న ఈ చొక్కా ఎవరిది?"

డ్రిల్లు మాస్టారు వంగి చూసి, గొంతు సవరించుకున్నాడు. "నాదే మేడం."

ఆవిడ మళ్ళీ ఫోటో చూసింది. ముందు భుజాలు కదిలాయి. తరవాత నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నా సర్వీసు మొత్తంలో జనం ముందు నన్ను చూసే ఫోటో ఇదొక్కటేనయ్యా!" అంది. "దీన్నే ఇంత పెద్దది చేయించి స్టాఫ్ రూమ్‌లో తగిలించండి. పాతది తీసెయ్యండి."

"మేడం, దీంట్లో బ్యాలెన్సు..." అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"సాయంత్రం దాకా ఈ బడికి నేనే హెడ్డుని. ఇది ఆర్డరు" అని, లెక్కల టీచరు చెయ్యి పట్టుకుంది. "మీ మాట నిలబడింది టీచరుగారూ. ఇకనుంచి ఈ బడి ఫోటోలన్నీ మీ ఆయనే తియ్యాలి. ఇంతకీ ఇది ఆ కొత్త కెమెరా పనితనమేనా?"

కంగారయ్య నోరు తెరిచాడు. "కాదు మేడం, పాతదే" అంది లెక్కల టీచరు, ఆయన కంటే ముందే, తలెత్తుకుని.

కారు కదిలింది. ఆ ఫోటో ఇప్పుడు స్టాఫ్ రూమ్ గోడ మీద ఉంది. చూడవచ్చిన ప్రతివాళ్ళకీ చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే చూపించి అది తానేనని రుజువు చేసుకోవడం డ్రిల్లు మాస్టారి పనుల్లో ఒకటైపోయింది.