పెళ్లయినవారికి కాపలా

ఆదివారం మలేషియాలోని మా క్లాంగ్ ఇంట్లో ఉన్నవారు: నాన్న కన్నబాబు, అమ్మ శాంతాదేవి, నాన్నమ్మ కూర్మమ్మ, అక్క శర్మిళ, అక్క భర్త శరవణ్, నేను. వీరిలో శరవణ్ బావ ఇంకా అక్క భర్త కాలేదని నాన్నమ్మ తీర్పు.

కిందటి నెల రిజిస్ట్రారు ముందు ఇద్దరూ సంతకాలు చేశారు. చట్టానికి అప్పుడే దంపతులు. అయితే పెళ్లి హాలు దీపావళి తర్వాతే ఖాళీ. అందాకా వాళ్లు ఒకే సోఫాలో కూర్చోవడం అనాచారమని మా ఇంట శాసనం వెలువడింది. నడుమ ప్లాస్టిక్ స్టూలు వేసి నన్ను కాపలాగా నియమించారు. ఎలాగూ నోరు విప్పను కనుక ఈ పదవికి నన్ను మించిన అర్హులు లేరట.

ఆ రోజు బావ వచ్చింది అక్కను తీసుకెళ్లడానికి. జార్జ్ టౌన్‌లో కొత్త ఉద్యోగం, అద్దె ఇల్లు, సాయంత్రం రైలు. అక్క పెట్టె కూడా సర్దుకుంది.

నాన్న లేచి నిలబడి ఉపన్యసించాడు. "సంతకం పెడితే పెళ్లేటి? లారీ కొన్ననాడు నేనూ సంతకాలు పెట్టినాను. లారీని పెళ్లాడినానేటి?"

"నాకన్నా దాన్నే బాగా చూసుకున్నావులే," అంది అమ్మ.

బావ వినయంగా అడిగాడు. "మావయ్యా, మీ పెళ్లి ఎప్పుడు రిజిస్టర్ చేసినారు?"

"మాకెందుకదంతా! గుడిలో అందరి ముందూ తాళి కట్టినాను. కాయితాలతో పనేటి?"

నాన్నమ్మ గర్వంగా తలూపింది. నాకు మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో విన్న మాట గుర్తొచ్చింది: గుడిలో ఎంత ఘనంగా చేసినా, నమోదు కాకపోతే చట్టానికి అది పెళ్లి కాదు. అంటే మా ఇంట్లో చట్టబద్ధమైన జంట ఒక్కటే, దాన్ని నేను విడదీసి కూర్చున్నాను. పెళ్లి కాని జంట మరొకటి ఉంది. వారు ఇద్దరు పిల్లల్ని కని, ఏళ్లుగా నిరాటంకంగా కాపురం చేస్తున్నారు. వారి మధ్య ఏ స్టూలూ లేదు!

భోజనాలయ్యాక నాన్నమ్మ కునుకు తీసింది. అమ్మానాన్నలు ఏసీ గదిలోకి వెళ్లారు. కర్తవ్యం తెలిసినదాన్ని కనుక స్టూలు పట్టుకెళ్లి వాళ్ల గుమ్మంలో వేసుకుని కూర్చున్నాను. వెనక వీధి గేటు మెల్లగా తెరుచుకుంది. అక్క పెట్టె చక్రాలు గడగడా రైలు వైపు దొర్లిపోయాయి. అవి నా కాపలా పరిధిలోకి రావు.

"ఇక్కడేటి సేస్తన్నావే?" అంది అమ్మ.

ఆ రోజుకు మొదటిసారి నోరు విప్పాను. "కాపలా. పెళ్లి కానివాళ్లు ఒక గదిలో ఉండకూడదు కదమ్మా."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న ఏసీ వైపు చూశాడు.

"పెళ్లి కాని పిల్లవి, మొగుడూపెళ్లాల సంగతులు నీకేటి తెలుసు!" అని అమ్మ నా ముఖం మీదే తలుపేసింది.