మిరప చేలో హాజరు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా ఊరి ఉన్నత పాఠశాల ఆదర్శ పాఠశాలగా గుర్తింపు పొందింది. ఈ వార్త విని నందిగామ వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. జగ్గయ్యపేట వాళ్ళు అసలు నమ్మలేదు. పాపం, వాళ్ళ బళ్ళకి పక్కా గదులున్నాయి, బెంచీలున్నాయి, గాజు బీరువాల్లో రంగురంగుల సీసాలున్నాయి. మాకు అవేవీ లేవు. మాకు నిబంధనలున్నాయి. అవి ఉన్నచోట బెంచీలతో పనేముంది?

మా బడికి సలహా సంఘం ఒకటి ఉంది. అధ్యక్షులు సుబ్బరాయుడు గారు. సలహాలు ఆయనవి, తలలూపడం మిగతా సంఘానిది. ఆయనకు ఊరి చుట్టూ మిరప చేలున్నాయి, విద్య మీద అపారమైన అభిమానం కూడా ఉంది. అరవై రెండు జూన్‌లో, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున ఆయన కండువా సవరించుకుని ఇలా ఉపన్యసించారు:

"విద్యార్థులారా! క్రమశిక్షణ లేని చదువు కళ్ళెం లేని గుర్రం. అందరూ ఒకే తీరు బట్టలు కట్టండి. ఆరోగ్యంగా ఉండండి. రోజూ బడికి రండి. ఈ మూడూ చేస్తే చాలు, చదువు దానంతటదే వస్తుంది!"

ఉపాధ్యాయులు గట్టిగా చప్పట్లు కొట్టారు. చదువు దానంతటదే వస్తుందన్న మాట వాళ్ళకు ప్రత్యేకంగా నచ్చింది.

హెడ్మాస్టరు భవానీప్రసాద్ గారు ఆ మూడు మాటలనూ అక్షరాలా అమలు చేశారు. మగపిల్లలకు తెల్ల చొక్కా, ఖాకీ లాగు. ఆడపిల్లలకు ఆకుపచ్చ పరికిణీ, తెల్ల జాకెట్టు, తెల్ల ఓణీ. మా ఊరిది నల్లరేగడి. ఇక్కడి నీళ్ళలో తెల్లగుడ్డ నాలుగు ఉతుకులు తింటే గోధుమరంగుకి వస్తుంది. అందుకని హెడ్మాస్టరు గారు రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాడి చొక్కానూ తన పంచెతో పోల్చి చూసేవారు. ఆయన పంచెను చాకలి నీలిమందు పెట్టి మరీ ఉతికేవాడు. ఆ తెలుపుకి తూగనివాళ్ళు ఇంటికి పోవాలి. ఇంటికి పోయినవాళ్ళకు ఆ రోజు హాజరు లేదు. ముప్పాతిక వంతు హాజరు లేనివాళ్ళకు పదకొండో తరగతి చివర రాసే ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష లేదు. పరీక్ష లేనివాళ్ళకు తెల్లబట్టలతో అవసరమే లేదు కాబట్టి, ఎవరికీ ఏ లోటూ లేకుండా వ్యవహారం సాఫీగా సాగింది.

ఇక ఆరోగ్యం. ప్రతి పిల్లవాడికీ ఒక ఆరోగ్యకార్డు ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టరు గారు కూడా వచ్చారు. ముందు వరసలో అయిదుగురి నాలుకలు చూశారు. ఇంతలో సుబ్బరాయుడు గారి ఇంటి నుంచి భోజనానికి పిలుపొచ్చింది. మిగతా నాలుకలను ఆయన విస్తరి ముందు కూర్చునే పరీక్షించారు. ఆరో తరగతి పిల్లలకు సైతం జ్ఞానదంతాలు మొలిచినట్టు కార్డుల మీద రాశారు. నిబంధనల్లో పెరిగే పిల్లలకు జ్ఞానం తొందరగా వస్తుందని మేము సంతోషించాం.

ఇంత చక్కని ఏర్పాటులో ఒకే ఒక్క చిక్కు దేవమణి.

దేవమణి చర్చి పక్క పేటలో ఉండే పుల్లమ్మ కూతురు. ఆ పేట నుంచి పదకొండో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. పరీక్ష పాసై, టీచర్ ట్రైనింగుకి వెళ్ళి, పంతులమ్మ కావాలని ఆ పిల్ల కోరిక. తల్లి కూలికి పోయి కొనిపెట్టిన ఓణీ ఒక్కటే. అది ఎంత ఉతికినా హెడ్మాస్టరు గారి పంచెకు తూగలేదు. గేటు దగ్గర నుంచి చాలాసార్లు వెనక్కి నడిచింది. సంక్రాంతి సెలవుల తర్వాత ఆయన పిలిచి చెప్పారు.

"అమ్మాయ్, నీ హాజరు అంచున ఉంది. ఇంకొక్క రోజు పోయిందా, నిన్ను పరీక్షకి పంపడం నా చేతుల్లో ఉండదు."

"ఇక ఒక్కరోజు కూడా మాననండి," అంది దేవమణి.

సరిగ్గా అప్పుడే మిరప పండింది. మా ప్రాంతంలో మిరప పండితే కోతకు ఎన్ని చేతులున్నా చాలవు. పండు రాలిపోతుంది, రంగు పోతుంది, ధర పోతుంది. కాబట్టి విద్యాభిమాని సుబ్బరాయుడు గారి బండ్లు తెల్లవారకముందే వీధుల్లోకి వచ్చి, తల్లుల్ని, తల్లులతోపాటు పిల్లల్ని ఎక్కించుకుని పోయాయి. బడి ఖాళీ అయింది. హెడ్మాస్టరు గారు గైర్హాజరు నోటీసులు రాసి తల్లిదండ్రులకు పంపారు. తల్లిదండ్రులు చేలో ఉండటంతో అవి చేలోకే వెళ్ళాయి. చేను ఎవరిదో తెలిశాక తిరిగొచ్చాయి.

ఇలా ఉండగా, ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. పిల్లలు లేని బడిని ఎలా చూపిస్తారు? పోనీ పిల్లల్ని వెనక్కి తెద్దామంటే, పండిన పంట గతేమిటి? హెడ్మాస్టరు గారు అధ్యక్షుల వారి దగ్గరికి వెళ్ళారు. సుబ్బరాయుడు గారు పొగాకు చుట్ట తిప్పుతూ ఆలోచించారు.

"మాష్టారూ, మన బళ్ళో చేతిపనికి, అదే క్రాఫ్టు పాఠానికి, ఏం పెట్టాం?"

"వ్యవసాయం అండి."

"మరింకేం? ఆ పాఠం నల్లబల్ల మీద చెప్తారా ఎక్కడైనా? ఇన్‌స్పెక్టరు గారిని చేలోకే తీసుకురండి."

మహానుభావుల బుర్రలు ఇలాగే పనిచేస్తాయి. పిల్లలు బడికి రాకపోతే, బడే పిల్లల దగ్గరికి పోతుంది. హాజరుపట్టీ బండెక్కింది. లెక్కల మాష్టారు గోతాలు లెక్కపెట్టడానికి, తెలుగు పండితులు గట్టు మీద కూర్చుని పద్యాలు చదవడానికి నియమితులయ్యారు. డ్రిల్లు మాష్టారు విజిలు ఊదుతూ సాళ్ళ వెంట తిరిగి, వెనకబడినవాళ్ళను ముందుకు తోలారు. ఆ ఏడాది అందరికన్నా బాగా పాఠం చెప్పింది ఆయనే.

తనిఖీ రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగి చేలోకి చూశారు. ఘాటుకి తట్టుకోలేక పిల్లలందరూ ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని ఉన్నారు. ఒకే తీరు! ఇంతటి యూనిఫారం తాను బెజవాడలో కూడా చూడలేదన్నారు. నోటికి గుడ్డ కట్టించిన ఆరోగ్యశ్రద్ధను మెచ్చుకున్నారు. బరువులు రాయాలంటే కల్లంలో కాటా సిద్ధంగా ఉంది. మిరప గోతం దించిన తట్టలో పిల్లవాడిని కూర్చోబెట్టి తూచారు. కొందరు గోతాల కన్నా తేలిగ్గా తూగారు, కానీ గోతాలకు ఆరోగ్యకార్డులు లేవు కదా, ఎవరూ పోల్చలేదు. తర్వాత గట్టు మీద నిలబడి హాజరు పిలిచారు. ప్రతి పేరుకీ చెట్ల మధ్య నుంచి ఒక తుమ్ము, తర్వాత "ప్రెజెంట్ సార్" వినిపించాయి. ఇన్‌స్పెక్టరు గారి కళ్ళ వెంట ధారలుగా నీళ్ళు కారాయి. అవి ఆనందబాష్పాలని హెడ్మాస్టరు గారు అక్కడికక్కడే ప్రకటించారు. హాజరుపట్టీ మీద సంతకం చేసి, జీపులో రెండు గోతాల మిరపపండు వేయించుకుని, ఇన్‌స్పెక్టరు గారు సెలవు తీసుకున్నారు.

పలకనిది ఒక్క పేరే. దేవమణి.

ఆ పిల్ల ఆ రోజు బడికి వెళ్ళింది.

ఓణీని ముందురోజే గంజి పెట్టి ఆరేసుకుంది. "పొలం పోదాం రాయే, బళ్ళో ఎవురుంటారు?" అని తల్లి తిట్టినా వినలేదు. హాజరు చేలో పిలుస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బడికి వస్తే గేటు దగ్గర ఎవరూ లేరు. ప్యూను ఇశ్రాయేలు మాత్రం వేళకి గంట కొట్టాడు. ఒక్క పిల్ల కోసం మొదటి గంట, రెండో గంట, భోజనం గంట, చివరి గంట కొట్టాడు. దేవమణి తన తరగతిలో తన చోట కూర్చుని భూగోళం చదువుకుంది. తెల్లబట్టలో, ఏ దగ్గూ తుమ్మూ లేకుండా, వేళకి వచ్చి వేళకి వెళ్ళిన విద్యార్థి ఆ రోజు మొత్తం బడిలో ఆమె ఒక్కతే.

కాబట్టి ఆమెకు గైర్హాజరు పడింది.

మర్నాడు ఆ సంగతి తెలిసి హెడ్మాస్టరు గారి గదికి పరుగెత్తింది.

"నేను వచ్చానండి! సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నానండి!"

"వచ్చావే అనుకో. బడి చేలో ఉంటే నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నారు భవానీప్రసాద్ గారు. నిజానికి ఆయన చెడ్డవారు కారు. ఆ మాట అంటూ కిటికీలోంచి బయటికి చూశారు.

ఇశ్రాయేలు సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చాడు. కానీ సిబ్బంది యావత్తూ చేలో ఉన్నట్టు అప్పటికే రాసేశారు. ఆ లెక్కన ఇశ్రాయేలు కూడా చేలోనే ఉన్నాడు. చేలో ఉన్న మనిషి బడిలో చూసింది ఎలా చెల్లుతుంది? పట్టీ దిద్దుదామంటే దాని మీద ఇన్‌స్పెక్టరు గారి సంతకం పడింది. మిగిలింది ఒక్కటే దారి. అధ్యక్షుల వారు దయతలచి సిఫార్సు చేయాలి. తల్లీకూతుళ్ళు ఆయన ఇంటి అరుగు కింద నిలబడ్డారు.

సుబ్బరాయుడు గారి మనసు వెన్న. వెంటనే కరిగింది.

"దానికంత ఏడుపెందుకమ్మాయ్? కోత అయ్యేదాకా రోజూ చేలోకి రా. పోయిన హాజరంతా నేనే వేయిస్తా."

"అయితే పరీక్ష కూడా చేలోనే పెడతారాండీ?" అంది దేవమణి.

అరుగు మీదున్న పెద్దలు నవ్వారు. పిల్ల చురుకైనదని మెచ్చుకున్నారు. పుల్లమ్మ నవ్వలేదు.

"అయ్యగారూ, కూలి సంగతేంటయ్యా? వచ్చిన పిల్లలకి మొన్న కూడా ఇవ్వలేదంట."

"పుల్లమ్మా, అది పాఠమే పిచ్చిదానా! చదువుకున్నందుకు కూలి అడుగుతారా ఎవరైనా? సరస్వతి ఒప్పుకుంటుందా?"

"బళ్ళో కూకుంటే కూలి ఉండదని నాకూ తెలుసయ్యా. వొంగి కోత్తన్నా ఉండకపోతే ఎట్టాగయ్యా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పకపోవడం పెద్దరికం. చెప్పుకోవలసిందేమిటంటే, ఆ ఏడాది మా ఊళ్ళో విద్యాభిమానం అమాంతంగా పెరిగింది. చేను ఉన్న ప్రతి ఆసామీ, "మా చేలో కూడా ఒక సెక్షను పెట్టండి" అని హెడ్మాస్టరు గారిని బతిమాలాడు. నిజం చెప్పొద్దూ, అది విని నాకు ఒళ్ళు మండింది. కానీ ఊళ్ళో అందరూ చప్పట్లు కొడుతుంటే ఒక్కడి ఒళ్ళు మండటం క్రమశిక్షణ కాదు.

దేవమణి చేలోకి వెళ్ళింది. మొదటిరోజు తెల్ల ఓణీతో వెళితే యూనిఫారం కాదని డ్రిల్లు మాష్టారు ఆపారు. అదే ఓణీని చించి ముక్కుకి కట్టుకుంది. రోజంతా పండు కోసి, సాయంత్రం వేళ్ళకు ఆముదం రాసుకుని, ఆ చేతులతోనే పుస్తకం పట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేదు, తుడుచుకుంటే ఇంకా మంట. హాజరు నిండింది. నందిగామ వెళ్ళి పరీక్ష రాసింది. పాసయింది కూడా. మా బడి నుంచి ఆ సంవత్సరం గట్టెక్కినవాళ్ళు బహు కొద్దిమంది, వాళ్ళలో మొదటి పేరు ఆమెదే.

ఇంతటి విజయానికి సన్మానం చేయకుండా ఉంటామా? బడి ముందు పందిరి వేశారు. ఆదర్శ పాఠశాల గుర్తింపుపత్రాన్ని ఇన్‌స్పెక్టరు గారు సుబ్బరాయుడు గారికి అందించారు. "ఈ బిడ్డను తీర్చిదిద్దింది నా చేను!" అని అధ్యక్షులు గద్గదంగా ప్రకటించారు. తర్వాత దేవమణిని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె సరిగ్గా రెండే మాట్లాడింది.

"నేను బడికొచ్చిన రోజున హాజరు పడలేదండి. హాజరు పడిన రోజుల్లో నేను బడికి రాలేదండి."

సభ చప్పట్లతో మారుమోగిపోయింది. కృతజ్ఞత అంటే అలా ఉండాలని అందరం అనుకున్నాం. పుల్లమ్మ మాత్రం పందిరి రాట పట్టుకుని భోరున ఏడ్చింది. చేను దూరం కాబట్టి అది మిరప ఘాటు కాదని నేను రూఢిగా చెప్పగలను.

అయ్యా, ఇది ఏదో మెట్ట ఊరి గొడవ, మాకేం సంబంధమని మీరు అనుకోవచ్చు. ఆ ఏడాది వేసవిలో మీ ఇంట్లోనూ ఆవకాయ పెట్టారు కదా? జాడీ మూత తీసి, వేడి అన్నంలో ముద్ద కలిపి, "అబ్బ, ఈసారి కారం ఎంత ఎర్రగా ఉంది!" అని మెచ్చుకున్నారు కదా?

మరి మా పిల్లలందరూ హాజరయ్యారండి. ఒక్కరు కూడా మానలేదు.