రావాలనే ఉద్దేశంలో ఉన్న మంత్రిగారు

ప్రజల అర్జీలకు ఇకమీదట జవాబులివ్వడమే కాదు, ఆ జవాబులకు అర్థం కూడా ఇస్తామని మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఇంత సాహసం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ చేయలేదని కూడా ఆయనే చెప్పారు. పత్రికలవాళ్ళు రెండూ రాసుకున్నారు.

ఆ సాహసాన్ని మోయవలసిన మనిషి మంత్రిగారి వెనక మూడో వరసలో, చంకలో లావుపాటి నిఘంటువుతో నిలబడి ఉన్నారు. ఆయన అర్జీల విభాగం సూపరింటెండెంటు. ఆఫీసంతా ఆయన్ని డిక్షనరీ గారంటుంది. ముప్పై ఏళ్ళలో ఆయన చేతికొచ్చిన ఏ అర్జీ జవాబు లేకుండా పోలేదు. ఏ పనీ అయినట్టు దాఖలా కూడా లేదు. మొదటిది తన ఘనత. రెండోది వేరే సెక్షను.

ఆయన విద్యంతా ఇంగ్లీషు క్రియల్లో ఉంది. ‘లుక్ ఇంటూ’ అంటే అర్జీని చూశాం. ‘ఎగ్జామిన్’ అంటే కళ్ళజోడు పెట్టుకుని చూశాం. ‘కన్సిడర్’ అంటే కళ్ళజోడుతో చూసి, ఆ తర్వాత దాన్ని తీసేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాం. ఈ తేడాలు తెలిసిన మనిషి ఆ భవనంలో తనొక్కడేనని ఆయన నమ్మకం. వీటివల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా అని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు, ఇంట్లో భార్య తప్ప.

కొత్త పథకం ప్రకారం ప్రతి జవాబుకూ ఒక పట్టిక జతచేస్తారు. తన అర్జీ ఏ క్రియ దాకా ఎక్కిందో జనం చూసుకోవచ్చు. నెల తిరిగేసరికి కౌంటరు ముందు క్యూ మెట్లు దిగి వీధిలోకి పాకింది.

“నాకు ‘లుక్ ఇంటూ’ వచ్చిందండీ. పక్కింటాయనకి ‘ఎగ్జామిన్’ ఇచ్చారు. నేనేం పాపం చేశాను?”

“మీ సమస్యేమిటి?”

“కుళాయి రావట్లేదు.”

“ఆయనది?”

“అదే కుళాయండీ. మా ఇద్దరికీ ఒకటే.”

డిక్షనరీ గారు న్యాయం ఆలోచించి ఇద్దరికీ ‘కన్సిడర్’ రాసిచ్చారు. కుళాయిలో రాని నీళ్ళు ఆ మనిషి కళ్ళలో వచ్చాయి.

ఇంట్లో మాత్రం ఈ కీర్తి చెల్లుబాటయ్యేది కాదు. ఆయన భార్య ఒక చిన్న బడికి హెడ్‌మిస్ట్రెస్.

“ఏమండీ, దూలంలో పగులు నా వేలు దూరేంత అయింది. దానికింద నలభైమంది పిల్లలు కూర్చుంటున్నారు.”

“నీ అర్జీకి ‘కన్సిడర్’ ఇప్పించాను కదోయ్. మొదట్లో శాఖ మొత్తంలో ముగ్గురికే ఉండేది!”

“తీసుకెళ్ళి దూలం కింద ఆనించనా?”

“రెండో గదిలో కూర్చోబెట్టు.”

“అది కిందటేడే కూలిపోయింది. సెలవురోజు కాబట్టి బతికిపోయాం. అప్పుడు మీరు ‘రిగ్రెట్’ అని రాశారు.”

“‘రిగ్రెట్’ కాదు,” అన్నారు డిక్షనరీ గారు నొచ్చుకుని. “‘డీప్లీ రిగ్రెట్’.”

ఆవిడ కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పథకం విజయోత్సవ సభ ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి ఆయన అడగకుండానే నోరు విప్పారు. తమ ఆవిడ బడి బాగుంటుందన్నారు. మంత్రిగారు ఒక్కసారి తలెత్తి చూస్తే చాలని, ఆ పగులే అర్జీ పెట్టుకుంటుందని ఆయన ఆశ.

సభకు ముందురోజు ఇంజినీరు వచ్చాడు. దూలాన్ని చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మంలోంచి మళ్ళీ చూశాడు.

“దీనికింద మంత్రిగారిని కూర్చోబెడితే నేను జైలుకెళతానమ్మా!”

“పిల్లలు ఏడాదిగా కూర్చుంటున్నారండీ.”

“వాళ్ళ గురించి నాకు కాయితం రాలేదు.”

మధ్యాహ్నానికల్లా లారీ దిగింది. సెంట్రింగు సామానూ షామియానాలూ అద్దెకిచ్చేది హెడ్‌మిస్ట్రెస్ తమ్ముడే. ఆరు ఇనుప జాకీలు దూలం కింద వరసగా లేచాయి. మరలు బిగించాక ఇంజినీరు తనే కింద నిలబడి చూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చాడు.

సభ అద్భుతంగా జరిగింది. ‘లుక్ ఇంటూ’కీ ‘ఎగ్జామిన్’కీ ఉన్న తేడా మీద మంత్రిగారు యాభై నిమిషాలు మాట్లాడారు. రెండూ తారుమారు చేశారు, కానీ ఎవరికీ నష్టం జరగలేదు. మధ్యలో ఒకసారి తలెత్తి జాకీలను చూసి, “గది చాలా దృఢంగా ఉంది,” అని మెచ్చుకున్నారు. వెళ్ళిపోయారు.

కారు మలుపు తిరగ్గానే బావమరిది మనుషులు మొదటి జాకీకి రెంచీ వేశారు.

“ఒరేయ్ తమ్ముడూ, ఆగరా!”

“నన్నేం చేయమంటావక్కా? ఆర్డరులో ‘మంత్రిగారి పర్యటన నిమిత్తం’ అని ఉంది. పర్యటన అయిపోయింది. ఇవి రేపు ఇంకోచోట ఆయన కిందికి వెళ్ళాలి. బావా, నువ్వైనా చెప్పు.”

భార్య డిక్షనరీ గారివైపు తిరిగి చూసింది. ఆ చూపుకి నిఘంటువులో ఏ క్రియ ఉందో ఆయనకు తట్టలేదు. మొదటి జాకీ దిగింది. పగులులోంచి చారెడు సున్నం రాలి ఆయన కళ్ళజోడు మీద పడింది.

డిక్షనరీ గారు అద్దాలు తుడుచుకుని, బల్లమీది తెల్లకాగితం ఒకటి లాక్కున్నారు. మంత్రిగారు ఈ బడికి మళ్ళీ... ఏమని రాయాలి? ‘విల్’ అంటే తేదీ అడుగుతారు. ‘మే’ అంటే జాకీలు విప్పేస్తారు. ‘హోప్’ అంటే నవ్వుతారు. ‘ఇంటెండ్’ అని రాసి, జేబులోని ఆఫీసు స్టాంపు వేసి ఇంజినీరుకు పంపారు. వచ్చే ఉద్దేశంలో ఉన్నారు. అంతే.

పావుగంటలో ఇంజినీరు ఫోను చేశాడు.

“ఎప్పుడొస్తారండీ?”

“తేదీ లేదండీ. ఉద్దేశం ఉంది.”

“అంటే ఏ క్షణాన్నయినా రావచ్చా?”

“ఉద్దేశమన్నాక అంతే కదండీ.”

దిగిన జాకీ మళ్ళీ ఎక్కింది. పక్కన ఇంకో నాలుగు చేరాయి. తాను రాసిన క్రియ ఒకటి నిజంగా బరువు మోయడం డిక్షనరీ గారు జీవితంలో మొదటిసారి చూశారు. కాస్త సిగ్గేసింది. ఈ పని ముప్పై ఏళ్ళ కిందటే చేసి ఉండొచ్చు.

బావమరిది నోట్లో మాట దాగదు. పై వారం కౌంటరు ముందు ‘కన్సిడర్’ అడిగే నాథుడు లేడు.

“మాకు వంతెన బాగుచేయక్కర్లేదండీ. మంత్రిగారు దానిమీదుగా వెళ్ళే ఉద్దేశంలో ఉన్నారని ఒక్క ముక్క రాసివ్వండి.”

“మా వీధి గుంటలో పడే ఉద్దేశమని రాయకండి బాబూ, నడిచే ఉద్దేశమని చాలు.”

“మా ఆసుపత్రిలో చేరే ఉద్దేశంలో ఉన్నారని ఇవ్వండి. జబ్బు పేరు మేం వేసుకుంటాం.”

ఇంకొకటి రాసే ధైర్యం డిక్షనరీ గారికి లేదు. అర్జీలన్నీ కట్టకట్టి సొరుగులో పెట్టి తాళం వేశారు. తాళం వేసిన గంటకు మంత్రిగారి గదిలోంచి పిలుపొచ్చింది. లోపలికి వెళ్ళేసరికి సొరుగులోని కట్ట మంత్రిగారి బల్లమీద ఉంది; ఆ తాళానికి రెండో చెవి మంత్రిగారి పేషీలో ఉంటుంది. ఉద్యోగం సంగతి సరే, సాయంత్రానికల్లా జాకీలు లారీ ఎక్కుతాయి.

మంత్రిగారు తలెత్తారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“ఇవి నా దగ్గర దాచావా? ఎంత అన్యాయమయ్యా! ఒక్కరూ రోడ్డు అడగలేదు, మందులు అడగలేదు. నేనొస్తే చాలంటున్నారు!”

“అవునండీ,” అన్నారు డిక్షనరీ గారు.

“రేపు పొద్దున్నే బయల్దేరుతున్నా. మొదట మీ ఆవిడ బడికే. వెళ్ళొచ్చేస్తే అక్కడి ఉద్దేశం బాకీ తీరిపోతుంది.”

దూలం, పగులు, నలభై తలలు. పర్యటన అయిపోయిందంటే జాకీలు దిగిపోతాయి.

“పత్రికలకి ఇంగ్లీషులో ప్రకటన రాయి. జనం నాకోసం... దాన్నేమంటారు? ‘ఎక్స్‌పెక్టా’? ‘హోపా’?”

“రెండూ మీ స్థాయికి తక్కువండీ. ‘అవెయిట్’ అనాలి, ఎదురుచూస్తున్నారని. పెద్దవాళ్ళకే వాడతారు.”

“‘అవెయిట్’...” మంత్రిగారు రెండుసార్లు నోట్లో తిప్పి చూసుకున్నారు. రుచి నచ్చినట్టుంది. “మరి అలా రాస్తే నేను రేపు వెళ్ళాలా?”

“అక్కర్లేదండీ,” అన్నారు డిక్షనరీ గారు. “వెళితే ఆ మాట చెల్లదు.”