కొలంబోలో టాక్సీ బేరం

1958లో ఒక ఆదివారం ఉదయం దేవానందం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. కొలంబో స్టేషన్‌లో రైలు దిగాలి, టాక్సీ ఎక్కాలి, మరదలు దయామణి బిడ్డ బాప్తిస్మానికి చర్చి చేరాలి. దయామణి అక్కడి ఆసుపత్రిలో నర్సు. బిడ్డకు తొడగాల్సిన తెల్ల గౌనును దేవానందం భార్య కరుణమ్మ వేసవంతా కూర్చుని కుట్టింది. అది పెట్టెలో ఉంది.

దేవానందం నరసరావుపేటలో ఇంగ్లీషు మాస్టారు. జట్కా బేరంలో ఆయనకు ఊళ్లో పేరుంది. టాక్సీ డ్రైవరు చర్చి పేరు విని, పెట్టెను డిక్కీలో పెట్టి, పది రూపాయలన్నాడు. మాస్టారు నాలుగన్నాడు. డ్రైవరు నవ్వాడు.

"పద కరుణా, ఎనక్కి చూడమాక. మన పేటలో జట్కావోళ్లు గూడా ఇట్టాగే బిగుస్తారు. నాలుగడుగులేస్తే వాడే పిలుస్తాడు."

నడిచారు. వెనక హారన్ మోగింది.

"ఎనిమిదికి దిగాడు," అన్నాడు మాస్టారు. మళ్లీ మోగింది. "ఆరు."

వెనకే కారు నడుపుకుంటూ వస్తున్న డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, అరవంలో "పెట్టి! పెట్టి!" అని అరిచాడు.

"ఏందండీ, అట్టా అరుస్తన్నాడు?"

"ఎంతో కొంత పెట్టి ఎక్కమని బతిమాలుతున్నాడు. ఇంకాస్త మెత్తబడనీ."

మలుపు తిరిగేసరికి ఎదురుగా సముద్రం. కరుణమ్మ నిలబడిపోయింది. రైలెక్కే ముందు పడవలో సముద్రం దాటినప్పుడు భయంతో ఆమె కళ్లే తెరవలేదు. కృష్ణకైతే అవతలి గట్టుంటుంది. దీనికి గట్టు లేదు, ఆకాశమే వచ్చి నీళ్లలో దిగింది. లేత ఎండలో అలలు ఎవరో దులిపి ఆరేస్తున్న బట్టల్లా తెల్లగా విచ్చుకుంటున్నాయి. ఉప్పుగాలికి ఆమె కొంగు లేచింది. తను ఎక్కడికి బయల్దేరిందో కాసేపు ఆమెకు గుర్తు లేదు.

ఈలోగా ఒక సైకిలాయన కూడా "పెట్టి!" అన్నాడు. పోలీసు ఈల వేశాడు.

"ఊరంతా వాడి చుట్టాలే ఉన్నట్టుంది," అంటూ మాస్టారు భార్య చెయ్యి పట్టుకుని కారు పట్టని సందులోకి దూరాడు. హారన్ ఆగిపోయింది.

"చూశావా, ఓడిపోయాడు!"

కరుణమ్మ ఖాళీగా ఉన్న తన చేతుల వంక చూసుకుంది. తర్వాత భర్త చేతుల వంక చూసింది.

"ఏమండీ, మన పెట్టె ఏదీ?"

మాస్టారికి అరవం అప్పుడర్థమైంది.

పరుగెత్తారు. టాక్సీ లేదు. మాస్టారు దొరికిన కారు ఎక్కి, ఎంతని కూడా అడగలేదు.

చర్చి మెట్ల మీద డ్రైవరు వాళ్ల పెట్టె పక్కనే కూర్చుని ఉన్నాడు. దయామణి నవ్వు ఆపుకోలేకపోతోంది. "బావా, పెట్టె పెట్టె అని అరిచీ అరిచీ ఈయన గొంతు పోయిందంట. మీరేమో దొంగల్లే పారిపోయారంట!"

మాస్టారు తల వంచుకుని పది రూపాయలు అతని చేతిలో పెట్టాడు. కరుణమ్మ పెట్టె తెరిచింది. గౌను బిడ్డకు సరిగ్గా సరిపోయింది.

సాయంత్రం దయామణి వాళ్లు బిడ్డతో, పెట్టెతో ముందే ఇంటికి వెళ్లిపోయారు. వీళ్ల కోసం అదే డ్రైవరు వచ్చి, ఇల్లు దగ్గరే గనక రెండు రూపాయలన్నాడు. మాస్టారు బేరమాడకుండా తలుపు తీశాడు.

"ఒకటి," అంది కరుణమ్మ. అతను సరేనంటాడేమోనని వెంటనే సముద్రం వైపు నడక మొదలెట్టింది.